పాసు మీద మూడో పేరు

"ఈ బిస్కెట్ చేసిందెవరు?" అని కెప్టెన్ అడిగాడు. "నేనే," అని జ్ఞానమణి చెప్పింది. గోనెపట్టా తెర వెనకాల, మైదా బస్తాల గదిలో నిలబడి, ఆ బిస్కెట్ చేసిన నూర్‌బీ ఆ మాట విన్నది. పోయిన వారం కథ ఆ తెర దగ్గర ఆగింది.

అప్పటికి హిందుస్థాన్ ఫౌజు సికింద్రాబాదులో అడుగుపెట్టి తొమ్మిది రోజులు. కార్ఖానా బస్తీలో దుకాణాల తలుపులు సగం తెరిచి సగం మూసి ఉన్నాయి. అంతకు ముందు ఆరు నెలలుగా జ్ఞానమణి బేకరీకి గడ్డుకాలమే. పాత పటాలాలు వెళ్లిపోయి మెస్సుల ఆర్డర్లు ఆగిపోయాయి. సరిహద్దుల్లో సరుకు ఆపేసినప్పటి నుంచి మైదా దొరకడమే గగనమైంది. వారానికి రెండు రోజులు భట్టీ వెలిగిస్తే అదే పండగ. అలాంటి సమయంలో కెప్టెన్ జీపు దిగి జీరా బిస్కెట్ తిని, "రేపు పదింటికి తిరుమలగిరి మెస్సుకు రండి. మా వంటవాళ్ల ముందు చేసి చూపించండి. ఇదే రుచి వస్తే పటాలం మొత్తానికి రొట్టెలు, బిస్కెట్లు మీ దగ్గరే," అన్నాడు. ముద్ర కొట్టిన పాసు కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు. అందులో ముగ్గురి పేర్లకు ఖాళీలున్నాయి.

జీపు లేపిన దుమ్ము సందులో అణగకముందే తెర కదిలింది. నూర్‌బీ వస్తోందని జ్ఞానమణి అటు తిరిగింది. నిలదీస్తుందనుకుంది. ఏడుస్తుందనుకుంది.

నూర్‌బీ తల మీద కొంగు సర్దుకుంటూ వచ్చి ఖాళీ అయిన పళ్లెం చేతిలోకి తీసుకుంది.

"ఎన్ని తిన్నడక్కా?"

"నాలుగు."

"నాలుగా!" అంది నూర్‌బీ. ఆమె మొహం విప్పారింది. ఇంకో మాట లేకుండా పళ్లెం కడగడానికి వెనక్కి వెళ్లిపోయింది.

ఆ సంతోషం చూసేసరికి జ్ఞానమణికి ఒళ్లు మండింది. దొంగతనం చేసింది తను. అయినా ఏదో పోగొట్టుకున్నది కూడా తనేనన్నట్టు అనిపించింది.

ఈ మంట నిన్న మొన్నటిది కాదు. బాపట్ల వైపు నుంచి పదహారేళ్ల వయసులో పెళ్లికూతురుగా ఈ ఊరు వచ్చిన జ్ఞానమణి, ముప్పయ్యో ఏట భర్తను పోగొట్టుకుంది. దేవానందం తెల్లవాళ్ల పటాలంలో రొట్టెలు కాల్చేవాడు. విషజ్వరం వచ్చి వారం తిరగకుండా పోయాడు. అప్పటికి కొడుకు నోవహుకు నాలుగేళ్లు. పిల్లవాణ్ణి చంకనేసుకుని, నెత్తిన బన్నుల గంప పెట్టుకుని, ఆమె కార్ఖానా నుంచి తిరుమలగిరి బ్యారకుల దాకా ఆరేళ్లు నడిచింది. ఎండకు నడిచింది, వానకు గంప మీద గొడుగు పట్టి తను తడుస్తూ నడిచింది. ఆ నడకతో కూడబెట్టి సొంత భట్టీ కట్టించింది. యుద్ధం రోజుల్లో ఆమె రొట్టె తినని పటాలం లేదు. 'జ్ఞానమణి అండ్ సన్' అని నీలం రంగు బోర్డు రాయించిన నాడు చర్చిలో పాస్టరు గారు ఆమెను లేపి నిలబెట్టి ప్రార్థన చేయించారు.

భట్టీకి ఇటుకలు మోయడానికి వచ్చిన మనిషి నూర్‌బీ. భట్టీ పూర్తయ్యాక కూడా పోలేదు. పిండి తొక్కుతానంది, కట్టెలు కొడతానంది. ఒకనాడు మిగిలిన పిండిలో ఉప్పూ జీలకర్రా వేసి, తోచినట్టు బిస్కెట్లు చేసి పెట్టింది. సాయంత్రానికి రేకు ఖాళీ. మర్నాడు సిపాయీలు వచ్చి, "నూర్‌బీ బిస్కెట్ ఉందా?" అని అడిగారు.

పన్నెండేళ్లుగా ఆ ప్రశ్న వింటూనే ఉంది జ్ఞానమణి. రొట్టె తనది, బన్ను తనది, బోర్డు తనది. గుమ్మంలోకి వచ్చినవాడు అడిగేది మాత్రం అదొక్కటే. మర్మం ఏదైనా ఉంటే ఎప్పుడో పట్టేసేది. నూర్‌బీ దాచిందేమీ లేదు. అందరి ముందే కలుపుతుంది, అందరి ముందే కోస్తుంది. అదే కొలత, అదే నెయ్యి, అదే సెగ. జ్ఞానమణి చేస్తే బిస్కెట్ అవుతుంది. నూర్‌బీ చేస్తే జనం కళ్లు మూసుకుని తింటారు. దీనికి ఎవరితో తగువు పెట్టుకోవాలి?

ఆ మధ్యాహ్నం జ్ఞానమణి కొంగు నడుముకు బిగించి పిండి ముందు కూర్చుంది.

"నేను చేస్తా. నువ్వు ఇటు రాకు," అంది.

"సరే అక్కా," అని నూర్‌బీ బస్తా మీద కూర్చుంది. ఆమె ఈ తొమ్మిది రోజులుగా బేకరీలోనే ఉంటోంది. ఆమె భర్త షంషీర్ దర్జీ. రజాకార్ల ఖాకీ బట్టలు కుట్టిన దర్జీల జాబితా ఒకటి ఎక్కడో దొరికిందట. ఫౌజు వచ్చిన రోజే షంషీర్ ఇల్లు విడిచి వెళ్లాడు. ఎటు వెళ్లాడో భార్యకు కూడా తెలియదు. రెండోనాడు ఇంటి తాళం పగలగొట్టి కుట్టుమిషన్ తీసుకుపోయారు. 'కుట్టినోడు సుత రజాకారేనా?' అని నూర్‌బీ ఆ రోజు ఏడ్చిన ఏడుపుకు జ్ఞానమణే తలుపు తీసి లోపలికి రమ్మంది. అది నిజమైన జాలే. తనకు అసూయ ఉన్నంత మాత్రాన జాలి ఉండకూడదా?

బిస్కెట్లు పొంగాయి. అంచులు ఎర్రబడ్డాయి. రేకు బయటికి లాగి చూసుకుంటే జ్ఞానమణికి ధైర్యం వచ్చింది. అప్పుడే నోవహు కట్టెల మోపు తెచ్చి గోడకు ఆనించాడు. ఇరవై రెండేళ్లవాడు. తండ్రి పొడుగు, తల్లి మొండితనం.

"తిని చెప్పరా."

నోవహు ఒకటి తీసుకుని కొరికాడు. "బాగుందమ్మా," అన్నాడు. మిగిలిన ముక్కను రేకు చివర పెట్టాడు.

"పూర్తిగా తినవేం?"

"ఆకలి లేదమ్మా."

మాట్లాడుతూనే పక్కనున్న గాజు సీసా మూత తిప్పాడు. అందులో నూర్‌బీ నిన్న చేసినవి నాలుగు విరిగిన ముక్కలు మిగిలున్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి వేసుకున్నాడు. మూడోదానికి చెయ్యి పెడుతూ తల్లి కళ్లు చూసి ఆగిపోయాడు.

జ్ఞానమణి లేచింది. రేకు ఎత్తి అందులోని బిస్కెట్లన్నీ నేల మీదికి గుమ్మరించింది.

"చెప్పు నూర్‌బీ! ఏం దాచావు నా దగ్గర? పన్నెండేళ్లు నా కంచంలో తిన్నావు. ఏం కలుపుతున్నావు దాంట్లో? చెప్పు!"

"ఏం దాచలే అక్కా. నువ్వు చూస్తనే ఉంటవు గద."

"అబద్ధం! చూస్తే రానిదేముంది? మంత్రమా అది?"

నూర్‌బీ బస్తా దిగి, వంగి, నేల మీది బిస్కెట్లు ఒక్కొక్కటే ఏరసాగింది. "తిండి మీదెందుకు నీ కోపం? దాచుడు సంగతి నువ్వే తీసినవ్ గనుక అడుగుతున్న. దాచింది నేనా, నువ్వా?"

"నేనేం దాచాను?"

"మేజర్ దొరసాని చిట్టీ."

జ్ఞానమణి చేతిలో ఖాళీ రేకు అలాగే ఉండిపోయింది.

నాలుగేళ్ల కిందటి సంగతి. బెంగళూరుకు బదిలీ అయిన మేజరు భార్య నూర్‌బీ పేరు మీద ఉత్తరం రాసింది. అక్కడ సిపాయీల కోసం పెద్ద క్యాంటీన్ పెడుతున్నామనీ, బిస్కెట్లు చేయడానికి నూర్‌బీ కావాలనీ, ఇల్లు ఇస్తామనీ, షంషీర్‌కు రెజిమెంటులో దర్జీ పని చూపిస్తామనీ దాని సారాంశం. ఉత్తరం బేకరీకి వచ్చింది. నూర్‌బీకి ఏ చదువూ రాదు. జ్ఞానమణి రెండుసార్లు చదివి, మడత పెట్టి, భట్టీలో వేసింది.

"నీకెవరు..." అంటూనే ఆమె కొడుకు వైపు తిరిగింది.

నోవహు తల దించుకోలేదు. "టపా తీసుకున్నది నేనమ్మా. నీకిచ్చే ముందే చదివాను. నువ్వు చెప్తావని సాయంత్రం దాకా చూశాను. చెప్పలేదు. చిన్నమ్మకు నేను చెప్పాను."

చిన్నమ్మ! ఆ పిలుపు విన్నప్పుడల్లా జ్ఞానమణికి ఎక్కడో ముల్లు దిగుతుంది. ఈరోజు అది లోపలిదాకా దిగింది. నాలుగేళ్లుగా ఈ ఇద్దరికీ తెలుసు. నాలుగేళ్లుగా తన ముందే అన్నం తిన్నారు, పిండి కలిపారు, నవ్వారు. తను మాత్రం ఎవరూ చూడలేదనుకుని బతికింది.

"తెలిసీ ఎందుకున్నావు మరి? పోలేకపోయావా బెంగళూరు?"

"నేనెందుకు పోతా?" నూర్‌బీ గొంతు మొదటిసారి లేచింది. "గీ భట్టీకి ఇటుకలు మోసింది నేను. బుజాలు పుండ్లు పడ్డయి, యాదిలేదా? ఇది నాది గాదా? బోర్డు మీద నా పేరు లేకపోతే నాది గాకుండ పోతదా? ఇంకోటి సుత చెప్తా విను. నువ్వు కుళ్లుకుంటుంటే నాకు జెర సంబురమే అనిపించేది. అల్లా మాఫ్ చెయ్యాలె, అనిపించేది. నీకు నోవహు ఉండె. నీకు ఇల్లుండె, చర్చిల ఇజ్జత్ ఉండె. నా కడుపు పండలే. నాకేముండె? గా ఒక్క బిస్కెట్ ఉండె. ఇయ్యాల అది సుత నీదే అంటివి."

బయట సందులో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

జ్ఞానమణి పేము మోడా మీద కూలబడింది. ఇంతకాలం ఈ రోగం తనొక్కదానిదే అనుకుంది. ఎదుటి మనిషి కూడా తనను చూసి ఇన్నేళ్లూ లోలోపల కుమిలిందని తెలిస్తే బరువు తగ్గాలి. తగ్గలేదు. 'నీకు నోవహు ఉండె' అన్న మాట చెవిలో గింగురుమంటూనే ఉంది.

పాసు కాగితం అందుకుని అంది. "రేపటి సంగతి చూడాలి. నువ్వు రాకపోతే ఆ ఆర్డరు రాదు. నేను, నోవహు, నువ్వు. నీ పేరు దేవమ్మ అని రాస్తాను. బొట్టు మేమూ పెట్టుకోం, నువ్వూ పెట్టుకోవు. చీర చూసి ఎవరూ పోల్చలేరు. నువ్వు చెయ్యి, నేను పక్కన నిలబడతాను."

"దేవమ్మ?"

"నీ మంచికే చెప్తున్నా. షంషీర్ కోసం వెతుకుతున్నారని మర్చిపోయావా?"

"మర్శిపోలే." నూర్‌బీ ఏరిన బిస్కెట్లను గుడ్డలో మూట కట్టింది. "పన్నెండేండ్లు నా చేతి పని మీద నీ పేరుండె. ఏమన్నా అన్ననా? ఇప్పుడు నాకున్న పేరు సుత తీసి ఇంకొకలది పెడతనంటున్నవ్. నేనేం తప్పు చేసిన? నా మొగడేం తప్పు చేసిండు? వస్తే నూర్‌బీ లెక్కనే వస్త. లేకుంటే నువ్వే పోయి చేసుకో."

తెల్లవారి ఎనిమిదింటికి జట్కా గుమ్మంలో నిలబడింది. నోవహు మైదా డబ్బా, నెయ్యి గిన్నె ఎక్కిస్తున్నాడు. జ్ఞానమణి కలం సిరాలో ముంచింది. తన పేరు రాసింది. కొడుకు పేరు రాసింది.

నోవహు వంగి మెల్లగా, "అమ్మా, చిన్నమ్మ పంతానికి అంటోంది. నువ్వు వినకు. దేవమ్మ అనే రాయి. గేటు దగ్గర జాబితాలు పెట్టుకుని కూర్చుంటున్నారు," అన్నాడు.

జ్ఞానమణి మూడో గీత మీద 'నూర్‌బీ' అని రాసింది.

ఎందుకు రాసిందో ఆమెకే తెలియదు. అడిగిన న్యాయం ఇచ్చిందా? లేక గేటు దగ్గర జరగబోయేది తన చేతికి మట్టి అంటకుండా జరిగిపోనీ అనుకుందా? జట్కా కదిలాక ఆ ప్రశ్న మనసులోకి వస్తే, దాన్ని చూడకుండా గుర్రం చెవుల వైపు చూస్తూ కూర్చుంది.

తిరుమలగిరి మెస్సు గేటు దగ్గర హవల్దారు పాసు తీసుకున్నాడు. మొదటి పేరు దగ్గర తల ఊపాడు. రెండో పేరు దగ్గర ఊపాడు. మూడో పేరు దగ్గర ఆగి, బల్ల మీది కాగితాల కట్ట ముందుకు లాక్కున్నాడు. వేలితో గీతల వెంట దిగుతూ వచ్చి ఒకచోట ఆపాడు.

"కార్ఖానా షంషీర్ దర్జీ భార్య కూడా నూర్‌బీయే," అన్నాడు హిందీలో. "మీలో ఎవరామె?"

ఆ క్షణంలో జ్ఞానమణికి కలిగింది భయం కాదు. తేలిక. ఈ మనిషిని పక్కకు తీసుకుపోతారు. మెస్సు వంటింట్లోకి తనొక్కతే వెళ్తుంది. తన బిస్కెట్ పక్కన పెట్టి పోల్చడానికి ఇక ఏమీ ఉండదు. ఎవరూ ఇంకో సీసా మూత తిప్పరు. ఆ తేలిక మంచినీళ్లలా గొంతులో దిగింది. దిగాక గానీ దాని చేదు తెలియలేదు.

"నేనే," అంది నూర్‌బీ. ఒక అడుగు ముందుకు వేసింది.

హవల్దారు మిగతా ఇద్దరి వైపు చూశాడు. "ఈమె మీకేమవుతుంది?"

"మా చిన్నమ్మ," అన్నాడు నోవహు వెంటనే.

"క్రైస్తవుడివి. ఈమె నీకు చిన్నమ్మా?" హవల్దారు నవ్వాడు. "అమ్మా, నువ్వు చెప్పు. పనిమనిషేనా?"

ఆ మాట జ్ఞానమణి నాలుక మీదే ఉంది. పన్నెండేళ్లుగా అందరికీ చెప్పిన మాటే. కానీ కొడుకు అంత పెద్ద మాట అనేశాక, తను చిన్న మాట అనడానికి మనసొప్పలేదు. కొడుకు దగ్గర కూడా నూర్‌బీ చేతిలో ఓడిపోతుందా తను?

"పనిమనిషి కాదు. భట్టీ కట్టిన నాటి నుంచి నాతో సమానంగా ఉన్న మనిషి," అంది. అంతటితో ఆగలేకపోయింది. "నిన్న కెప్టెన్ గారు తిన్న బిస్కెట్ చేసింది ఈమే. నేను కాదు."

నూర్‌బీ వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు. నమ్మకమూ లేదు.

మెస్సు వరండాలో టీ తాగుతున్న కెప్టెన్ కప్పు కింద పెట్టి మెట్లు దిగాడు. అంతా విన్నాడని మొహమే చెబుతోంది. హవల్దారు చూపించిన జాబితా చదివాడు. జ్ఞానమణి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నిన్న నా కళ్లలోకి చూసి నేనే చేశానన్నారు. ఇవాళ ఈమె అంటున్నారు. నేను వెతుకుతున్నవాడి భార్యను మీ బేకరీలో పెట్టుకుని ఆ సంగతి కూడా చెప్పలేదు. ఇందులో ఏది నమ్మమంటారు?"

జ్ఞానమణి ఆయన చేతిలోని జాబితా వైపు చూసింది.

"సరే," అన్నాడాయన, గొంతు పెంచకుండానే. "ఈమె లోపలికి వెళ్లి చేస్తుంది. మీరూ మీ అబ్బాయీ గార్డు గదిలో కూర్చోండి. నిన్నటి బిస్కెట్టే వస్తే మీరు ఇవాళ చెప్పింది నిజమని నమ్ముతాను. ముగ్గురూ ఇంటికి పోవచ్చు, ఆర్డరూ మీదే. రాకపోతే మీరూ ఈవిడా కూడబలుక్కుని నాతో ఆడుకుంటున్నారనుకోవాలి. అప్పుడు దర్జీ ఎక్కడున్నాడో ఇద్దర్నీ అడగాల్సి వస్తుంది."

నూర్‌బీ మైదా డబ్బా చంకన పెట్టుకుంది. వంటింటి తలుపు దాకా నడిచి, గడప మీద ఆగి, జ్ఞానమణి వైపు తిరిగింది. "నీ సంగతి నా చేతులల్ల పడ్డదక్కా," అంది తెలుగులో. ఆ తర్వాత తలుపు మూసుకుంది.

గార్డు గదిలో ఒక బల్ల, ఒక కిటికీ. నోవహు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జ్ఞానమణి కిటికీ కమ్మీ పట్టుకుని వంటింటి పొగగొట్టం వైపే చూస్తూ ఉంది. నూర్‌బీకి ఇప్పుడు ఏం చేయాలన్నా చేతిలో పని. ఉప్పు కాస్త ఎక్కువ వేస్తే చాలు. సెగ కాస్త పెంచితే చాలు. కాలిపోయిన ఉత్తరానికి, నిన్నటి అబద్ధానికి, దేవమ్మ అన్న పేరుకు ఒక్క రేకుతో లెక్క సరిపోతుంది. తనైతే ఏం చేసేది? జ్ఞానమణి తనను తాను ప్రశ్నించుకుంది. జవాబు వెంటనే తెలిసింది.

అరగంట గడిచింది. పొగగొట్టంలోంచి తెల్లటి పొగ మెల్లగా లేచింది. గాలి ఇటు తిరిగింది.

నోవహు ఉలిక్కిపడి ముక్కు ఎగబీల్చాడు. జ్ఞానమణి కళ్లు మూసుకుని మరోసారి వాసన చూసింది. పొరపాటు కాదు.

జీలకర్ర మాడుతోంది.